అరకులో ఆ రాత్రి లైటు ఆపేసి ఉంటే...

నా ఫోన్‌లో నలభై రెండు సెకన్ల వీడియో ఒకటుంది. అది నేను పెట్టిన రీల్స్ అన్నిట్లోకీ ఎక్కువ మంది చూసింది. ఇప్పుడు దాన్ని నేను చూడలేను. అలాగని డిలీట్ చేయడానికీ మనసొప్పదు. ఎందుకో చెప్పాలంటే అరకులో ఆ రాత్రి ఏం జరిగిందో ముందు చెప్పాలి.

జులై ఆఖరి వారం. ఆఫీసులో రిలీజ్ పని అయిపోయింది. కూడబెట్టుకున్న సెలవులతో నలుగురు ఫ్రెండ్స్‌మి హైదరాబాద్ నుంచి బయల్దేరాం. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి, సొరంగం వచ్చిన ప్రతిసారీ చిన్నపిల్లల్లా కేకలేస్తూ అరకులో దిగాం. ఊరికి కొంచెం దూరంలో కాఫీ తోటల పక్కన హోమ్‌స్టే. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. పెరట్లో ఒక జామచెట్టు. ఓనర్ అన్నా, వాళ్ళమ్మా ఇద్దరే అన్నీ చూసుకుంటారు.

రాత్రి తొమ్మిదిన్నరకి వాన వెలిసింది. పెరట్లో ఫ్లడ్ లైట్ వెలుగుతోంది. సున్నం కొట్టిన తెల్లగోడ మీద ఏదో పెద్దది టపటపా కొట్టుకుంటోంది.

"ఒరేయ్, గబ్బిలంరా!" అని మావాడు ఒకడు లోపలికి పరిగెత్తాడు.

గబ్బిలం కాదు. ఇటుక రంగు రెక్కలు. వాటి మధ్యలో గాజు ముక్కలు అతికించినట్టు పారదర్శకంగా మెరిసే ముక్కోణాలు. రెక్కల కొసలు చూస్తే అచ్చం పాము తలే... కన్నుతో సహా. పక్కన నా ఫోన్ పెట్టి కొలిచాను. రెక్కల ముందు ఫోన్ చిన్నబోయింది.

ఇంకేముంది, ఫోన్లు బయటికొచ్చాయి. "టైమ్‌ల్యాప్స్ పెడదాం, రాత్రంతా లైటు ఉంచండన్నా" అని అడిగాం. ఆయన ఉంచాడు. మేం పడుకున్నాం.

పొద్దున ఆరింటికి లేచి చూస్తే గోడ కింద గోరింకలు గోల చేస్తున్నాయి. సిమెంటు గచ్చు మీద ఒక రెక్క మాత్రం మిగిలింది. పాము తల ఉన్న రెక్క.

'అయ్యో' అనుకున్నా, అంతే. మధ్యాహ్నం రైల్లో కూర్చుని రీల్ ఎడిట్ చేసి పెట్టేశా. 'అరకులో పాము తల సీతాకోకచిలుక!' అని క్యాప్షన్. సాయంత్రానికి వ్యూస్ నలభై వేలు దాటాయి. "ఇది కుడితే చచ్చిపోతామా?", "నాగదేవత అంశ", "ఏఐతో చేసింది, నమ్మకండి"... కామెంట్లే కామెంట్లు.

ఒక కామెంట్ మాత్రం ఆపేసింది. అమెరికాలో బెల్లెవ్యూలో ఉన్న నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ రాశాడు. "ఇది అట్లాస్ మాత్‌రా. మా ఊళ్ళో కనిపిస్తే గవర్నమెంట్‌కి చెప్పాలి."

అక్కణ్ణుంచి మొదలైంది నా చదువు.

ఇంతకీ ఎవరిది?

ముందుగా అది సీతాకోకచిలుక కాదు. మాత్. మన రైతుల మాటలో రెక్కల పురుగు. మనం ఫొటోలు తీసేదీ, పాటలు కట్టేదీ సీతాకోకచిలుకల మీదే గానీ, లెక్కల్లో మాత్‌లదే రాజ్యం. మన దేశంలో సీతాకోకచిలుకలు పదమూడు వందల జాతులకు పైగా ఉంటే, మాత్‌లు పది వేల జాతులకు పైనే. రాత్రి పూట తిరుగుతాయి కాబట్టి మన కంట పడవు.

అట్లాస్ మాత్‌కి ఆ పేరు 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టాడు. అట్లాస్ అంటే గ్రీకు పురాణాల్లో ఆకాశాన్ని భుజాల మీద మోసే మహాకాయుడు. ప్రపంచంలోని అతి పెద్ద మాత్‌లలో ఇదొకటి. రెక్కలు చాపితే పాతిక సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అంటే మనం అన్నం తినే కంచమంత. దీనికి శ్రీలంకలోనూ దక్షిణ భారతంలోనూ ఒక తోబుట్టువు ఉంది. దాని శాస్త్రీయ నామంలో 'టాప్రోబానిస్' అని ఉంటుంది. శ్రీలంకను పాత గ్రీకులు పిలిచిన పేరు టాప్రోబేన్. ఆ దీవి పేరే దీనికీ వచ్చింది. రెండూ ఒక అచ్చులో పోసినట్టుంటాయి. అందుకే మన దగ్గర రెండిటినీ అట్లాస్ మాత్ అనే పిలిచేస్తారు.

దీని చుట్టాలు మనకు బాగా దగ్గరివాళ్ళే. దసలి పట్టు పేరు వినే ఉంటారు. టసర్ అంటారే, అదే. తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు వైపు అడవుల్లో మద్ది చెట్ల మీద పెంచే ఆ దసలి పురుగు కూడా ఈ కుటుంబానిదే. మీ ఇంట్లో ఎవరి బీరువాలోనైనా టసర్ చీర ఉంటే, అది మా గోడ మీద వాలిన అతిథి దాయాదులు అల్లిన దారమే.

మరి బెల్లెవ్యూ సంగతి? 2022 జులైలో ఆ ఊళ్ళో ఒక గ్యారేజీ దగ్గర అట్లాస్ మాత్ కనిపించింది. అమెరికాలో ఈ మాత్ దొరికిందని నిర్ధారణ కావడం అదే మొదటిసారి. అక్కడి ప్రకృతిలో లేని పురుగు, పంటల మీద పడుతుందేమోనని వ్యవసాయ శాఖ జనానికి ప్రకటన ఇచ్చింది, కనిపిస్తే ఫొటో పంపమంది. అనుమతి లేకుండా బతికున్న వాటిని పెంచడం, అమ్మడం అక్కడ చట్టరీత్యా నేరం. అక్కడ అది దారి తప్పిన పురుగు. ఇక్కడ, ఈ కొండల్లో, మనకంటే ముందు నుంచీ ఉన్న సొంత ఇంటి మనిషి. దాని ఇంటికి వెళ్ళి దాని మీద ఫ్లడ్ లైట్ వేసింది మనం.

నోరే లేదు

చదువుతూ పోతుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. రెక్కలొచ్చిన అట్లాస్ మాత్‌కి పనిచేసే నోరు లేదు.

తినదు, తాగదు. తేనె పీల్చదు. ఆయుష్షు వారం, మహా అయితే రెండు వారాలు.

మరి శక్తి ఎక్కణ్ణుంచి? గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్నదే. గుడ్డు నుంచి పది రోజులకో అటూ ఇటూగానో పిల్ల బయటికొస్తుంది. జామ, దాల్చిన, నిమ్మ జాతి... ఇలా చాలా రకాల చెట్ల ఆకులు తింటుంది. ఒంటి మీద మెత్తటి ముళ్ళు, వాటి మీద పిండి చల్లినట్టు తెల్లటి మైనపు పొడి. ఎవరైనా కదిలిస్తే ఘాటు వాసనొచ్చే ద్రవం చిమ్ముతుంది. నెలకు పైగా అదే పని... తినడం, చర్మం విడవడం, మళ్ళీ తినడం. ఆఖరికి మన అరచెయ్యంత పొడవు పెరుగుతుంది. అప్పుడు ఆకులు దగ్గరికి లాక్కుని, పట్టుతో గూడు అల్లుకుని అందులో నిద్రపోతుంది. వాతావరణం అనుకూలిస్తే నాలుగు వారాల్లో రెక్కలతో వస్తుంది. లేదంటే నెలల తరబడి అలాగే వేలాడుతూ సరైన కాలం కోసం ఎదురు చూస్తుంది.

మన భాషలో చెప్పాలంటే, అది ఛార్జింగ్ పోర్ట్ లేని ఫోన్. ఫ్యాక్టరీలో ఎక్కించిన బ్యాటరీయే ఆఖరిదాకా. ప్రతి రెక్క ఊపుకీ ఒక శాతం తగ్గుతుంది. తిరిగి ఎక్కించుకునే దారి లేదు.

ఆ ఉన్న బ్యాటరీతో చేయాల్సిన పని ఒక్కటే. జంట కట్టి, సరైన చెట్టు చూసి గుడ్లు పెట్టడం.

వీడియో మళ్ళీ తెరిచాను. రాత్రి తొమ్మిదిన్నర నుంచి తెల్లారే దాకా అది మా గోడకి టపటపా కొట్టుకుంటూనే ఉంది. ఏడు రోజుల బతుకులో ఒక రాత్రి అంటే మన లెక్కలో ఎంత? డెబ్బై ఏళ్ళ మనిషికి పదేళ్ళు. అంత కాలాన్ని మేం నలభై రెండు సెకన్ల కోసం ఖర్చు పెట్టాం.

తాతయ్య కట్టిన బుట్టలు

మాది గుంటూరు జిల్లాలో పల్లెటూరు. తాతయ్య పత్తి వేసేవాడు. చేలో అక్కడక్కడా కర్రలకు ప్లాస్టిక్ గొట్టాలు కట్టి ఉండేవి. లింగాకర్షక బుట్టలు. పొద్దున్నే వెళ్ళి అందులో ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో నన్ను లెక్కపెట్టమనేవాడు. "అన్నీ మగవేరా. లోపల ఆడదాని వాసన బిళ్ళ ఉంది. పిచ్చోళ్ళు, నమ్మి వచ్చేస్తారు" అని నవ్వేవాడు.

అరకు మాత్‌దీ అదే కథ. గూడు చీల్చుకుని వచ్చిన ఆడమాత్ దూరం పోదు. గూటి దగ్గరే కూర్చుని చీకట్లో వాసన వదులుతుంది. మన ముక్కుకి తెలియని వాసన అది. మగదానికి ఈకల్లాంటి వెడల్పాటి మీసాలుంటాయి. గాలిలో కొట్టుకొచ్చే ఆ వాసన అణువుల్ని వాటితో పట్టుకుని, ఎంతో దూరం నుంచి వెతుక్కుంటూ వస్తుంది.

ఈ వాసనల రసాయనాన్ని మొదటిసారి పట్టుకున్నది 1959లో, జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ బుటెనాంట్ బృందం. అది కూడా పట్టుపురుగు నుంచే. కొన్ని మిల్లీగ్రాముల పదార్థం కోసం దాదాపు ఐదు లక్షల ఆడపురుగులు కావాల్సి వచ్చాయి. తాతయ్య చేలో కట్టిన బిళ్ళ వెనక అంత పెద్ద కథ ఉంది.

అంటే మగమాత్ చీకట్లో వాసన దారి పట్టుకుని పోతూ ఉంటుంది. మధ్యలో మన ఫ్లడ్ లైట్ అడ్డం వస్తే? ఆ రాత్రికి అక్కడే ఆగిపోతుంది. అక్కడెక్కడో ఆడమాత్ ఎదురు చూస్తూనే ఉంటుంది. ఇద్దరి బ్యాటరీ అయిపోతూ ఉంటుంది.

మా గోడ మీద వాలింది ఆడమాత్. మీసాలు సన్నగా, పొట్ట లావుగా ఉందని వీడియోలో చూసి పోల్చుకున్నాను. అంటే గుడ్లు పెట్టడానికి చెట్టు వెతుక్కుంటూ బయల్దేరినదై ఉండాలి. ఆ ఆలోచన రాగానే హోమ్‌స్టే అన్నకి ఫోన్ చేశాను.

"అన్నా, ఆ గోడ మీద గుడ్లేమైనా ఉన్నాయా చూడవా?"

పది నిమిషాల్లో వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. లైటు పట్టీ పక్కనే, సున్నం గోడకి అతుక్కుని, చిన్న చిన్న గుండ్రటి గుడ్లు. లెక్కపెడితే ముప్ఫై నాలుగు.

వెనక నుంచి వాళ్ళమ్మ గొంతు వినబడుతోంది. "గోడ తింటాయా ఏటి బాబూ? ఆకు గదా తినేది!"

నెలల తరబడి నేను రాసిన ఏ డిజైన్ డాక్యుమెంట్‌లోనూ సమస్యని అంత సూటిగా చెప్పలేదు.

పాము తలా, గబ్బిలానికి ఎరా?

రీల్‌కి అన్ని వ్యూస్ తెచ్చిపెట్టింది పాము తలే. దాని కథ కూడా చెప్పాలి. పిట్టలూ, బల్లులూ చూసి భయపడతాయని చాలా కాలంగా చెబుతున్నారు. మాత్ కింద పడి రెక్కలు మెల్లగా ఊపితే నిజంగానే పాము తలాడించినట్టు ఉంటుంది.

కానీ ఆలోచించండి. ఇది ఎగిరేది చీకట్లో. చీకట్లో దాని అసలు శత్రువు గబ్బిలం. గబ్బిలం కంటితో కాదు, చెవితో వేటాడుతుంది. మనకు వినబడని కూత పెట్టి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి పురుగు ఎక్కడుందో పసిగడుతుంది. కొన్ని రకాల మాత్‌లకి చెవులుంటాయి, ఆ కూత విని తప్పించుకుంటాయి. అట్లాస్ కుటుంబానికి చెవులు కూడా లేవు. నోరు లేదు, చెవుల్లేవు. మరెలా బతికాయి?

ఇంగ్లాండ్‌లోని బ్రిస్టల్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని శోధించారు. చైనా దసలి మాత్ ఒంటి మీద బొచ్చులా ఉండే పొలుసులు తమ మీద పడే ధ్వనిలో 85 శాతం దాకా పీల్చేసుకుంటాయని 2020లో తేల్చారు. రాడార్‌కి దొరకని విమానం లాంటి టెక్నిక్. 2021లో ఇంకో సంగతి బయటపెట్టారు. అట్లాస్ లాంటి మాత్‌ల రెక్కల కొసలు ముడతలు పడి, వంకర తిరిగి ఉంటాయి కదా... అవి ఒంటి కంటే గట్టిగా ప్రతిధ్వనిస్తాయి. గబ్బిలం మోసపోయి ఆ కొస మీద దాడి చేస్తుంది. చిన్న ముక్క చిరుగుతుంది, ప్రాణం మిగులుతుంది.

మనం పాము తల అని లైకులు కొట్టిన చోటే, గబ్బిలానికి వేసిన ఎర కూడా ఉందన్నమాట. లక్షల ఏళ్ళుగా చీకట్లో నడిచిన యుద్ధంలో తయారైన కవచం అది. ఆ కవచం గబ్బిలం మీద పనిచేస్తుంది. తెల్లారాక సున్నం గోడ మీద, గోరింకల ముందు, ఏమీ చేయలేదు.

బగ్ ఎవరిది?

సాఫ్ట్‌వేర్‌లో తప్పుని బగ్ అంటాం. అంటే పురుగు. ఈ మాటతో మాత్‌కి చుట్టరికం ఉంది. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్‌లో మార్క్ టూ అనే భారీ కంప్యూటర్ మొరాయించింది. విప్పి చూస్తే ఒక రిలేలో మాత్ ఇరుక్కుని ఉంది. దాన్ని టేపుతో లాగ్‌బుక్‌లో అంటించి, అసలు సిసలు బగ్ దొరికిందని సరదాగా రాసుకున్నారు. ఆ పేజీ ఇప్పుడు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. బగ్ అనే మాట ఇంజినీర్లు అంతకు ముందు నుంచే వాడుతున్నా, మా ఫీల్డ్‌లో అందరికీ ఈ కథే ఇష్టం.

మరి లైటు చుట్టూ తిరిగే మాత్‌లో బగ్ ఏమిటి? చిన్నప్పటి నుంచీ మనకు చెప్పింది ఒకటే. దీపం మీద మోజుతో వచ్చి కాలిపోతుందని. ఇంకొందరు, చంద్రుణ్ణి చూసి దారి పట్టుకునే పురుగు బల్బుని చంద్రుడనుకుంటుందని అన్నారు. వేడి కోసం వస్తుందని కూడా అన్నారు.

2024 జనవరిలో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన ఇవేవీ కాదంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ, అమెరికాలోని ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు కలిసి చేసిన పని. వాళ్ళలో మన దేశస్థుడు యశ్ సోంధీ కూడా ఉన్నాడు. హైస్పీడ్ కెమెరాలు పెట్టి, పురుగుల ఒంటికి చిన్న గుర్తులు అతికించి, దీపం దగ్గర ఎలా ఎగురుతున్నాయో లెక్కగట్టారు. తేలిందేమిటంటే, పురుగు దీపం వైపు రావడం లేదు. దీపానికి వీపు చూపిస్తోంది.

ఎందుకంటే గాల్లో తిరిగే జీవికి ఏది పైనో ఏది కిందో తెలియాలి. కోట్ల ఏళ్ళుగా పురుగులకి ఒకే రూల్. 'ఎటు వెలుగు ఎక్కువో అటు ఆకాశం. వీపు అటు ఉంచు.' అమావాస్య రాత్రైనా నేల కంటే ఆకాశమే వెలుగు. కాబట్టి ఈ రూల్ ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు పక్కన ఒక బల్బు వెలిగింది. వీపు బల్బు వైపు తిరుగుతుంది, ఒళ్ళు పక్కకి ఒరుగుతుంది, దాంతో బల్బు చుట్టూ గిరగిరా తిరుగుతుంది. బల్బు మీదుగా పోతే ఏకంగా తలకిందులై నేల మీద పడుతుంది. మోజు కాదు, భక్తి కాదు. దానికి పైకీ కిందకీ తేడా పోయింది, అంతే.

మా ఆఫీసు మాటల్లో చెప్పాలంటే కోడ్ కరెక్టే. ఎన్విరాన్‌మెంట్ మారింది. కోట్ల ఏళ్ళు ఒక్కసారి కూడా క్రాష్ అవ్వని ప్రోగ్రామ్‌కి మనం తప్పు ఇన్‌పుట్ ఇచ్చి, 'పిచ్చి పురుగు' అని పేరు పెట్టాం. ఈ బగ్ మాత్‌ది కాదు, మనది.

మన బగ్ అయితే మనం ఫిక్స్ చేయొచ్చు కదా. అదొక్కటే ఇందులో సంతోషించాల్సిన విషయం.

చీకటికి స్టార్లు ఇస్తారా?

గుడ్ల సంగతి చెప్పలేదు కదూ. గోడకి అతుక్కున్న గుడ్లని గీకితే చితికిపోతాయని అమ్మ వాటిని ముట్టుకోలేదు. జామకొమ్మ ఒకటి విరిచి, నీళ్ళ సీసాలో పెట్టి, ఆకులు గోడకి ఆనేలా నిలబెట్టింది. రోజూ కొమ్మ మార్చింది. తొమ్మిదో రోజున అన్న వీడియో పంపాడు. ఆవగింజ కంటే కాస్త పెద్దగా, నల్లగా, వెంట్రుకల్లాంటి ముళ్ళతో పిల్లలు ఆకు ఎక్కుతున్నాయి. ఇరవై ఒకటి లెక్కపెట్టాడు. అమ్మ వాటిని ఆకులతో సహా తీసుకెళ్ళి జామచెట్టు మీద వదిలింది.

తర్వాత ప్రతి వారం ఒక ఫొటో. పద్నాలుగు. తొమ్మిది. నాలుగు. "పిట్టలు, చీమలు ఊరుకుంటాయా సార్" అన్నాడు అన్న. నిజమే. అడవిలో లెక్క ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఒక తల్లి వందకు పైగా గుడ్లు పెట్టేది అందుకే.

దసరా సెలవులకి ఈసారి ఒక్కణ్ణే వెళ్ళాను. అన్నతో కూర్చుని లైటు సంగతి ఎత్తాను. నేను ఎంత ఉత్సాహంగా చెప్పానో, ఆయన అంత నిదానంగా విన్నాడు.

"మాకేం సరదానా సార్, కరెంటు బిల్లు కట్టడం? మొదట్లో ఒక్క బల్బే ఉండేది. చీకటిగా ఉంది, భయమేసింది అని రెండు స్టార్లు ఇచ్చారు. అందుకే పెద్ద లైటు పెట్టాను. చెట్లకి కింద నుంచి ఆ రంగు లైట్లు కూడా ఫొటోల కోసమే."

నా దగ్గర జవాబు లేదు. ఆ స్టార్లు ఇచ్చేది మనమే కదా.

అమ్మ ఇంకో మాట అంది. "మా చిన్నప్పుడు మా గూడేనికి కరెంటు నేదు బాబూ. రాత్రి పూట పాము కరిస్తే తెల్లారే దాకా ఏటి కరిసిందో తెలిసేది కాదు. లైటు వద్దంటే ఎలాగ?"

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. పట్నంలో రాత్రంతా వెలుగులో బతుకుతూ, కొండ మీది వాళ్ళకి చీకట్లో ఉండండని చెప్పే హక్కు నాకు లేదు. వాళ్ళ గుమ్మంలో బల్బు వాళ్ళ ప్రాణానికి కాపలా. సమస్య ఆ బల్బు కాదు. మన ఫొటోల కోసం, మన స్టార్ల కోసం తెల్లవార్లూ మండే ఫ్లడ్ లైటు.

ముగ్గురం కలిసి మధ్యేమార్గం చూశాం. మనుషులు నడిచే దారికి, బాత్రూమ్ దగ్గరికి మోషన్ సెన్సర్ లైట్లు. మనిషి వస్తే వెలుగుతాయి, పోతే ఆరిపోతాయి. తెల్లటి ఎల్‌ఈడీ బదులు పసుపు రంగువి, ఎందుకంటే నీలం పాలు ఎక్కువున్న తెల్లటి వెలుగు పురుగుల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. లైట్ల మూతి కిందికే. చెట్లకి కింద నుంచి పైకి కొట్టే రంగు లైట్లు తీసేశాం. పురుగుల్ని తలకిందులు చేసేది ముఖ్యంగా అలాంటివే. సామాను విశాఖలో కొన్నాం, వైరింగ్ నేనే చేశాను. ఇంజినీరింగ్ డిగ్రీ ఇంటి పనికి ఉపయోగపడటం నాకు అదే మొదటిసారి.

ఆ రాత్రి పెద్ద లైటు ఆపేశాం. మొదట భయమేసింది. కళ్ళు అలవాటు పడ్డాక కాఫీ తోట మీద ఆకాశం కనిపించింది. జులైలో నేను అదే పెరట్లో నిలబడ్డాను గానీ, ఆకాశం వైపు తలెత్తి చూసిన గుర్తే లేదు. తిరిగొచ్చాక ఆ హోమ్‌స్టేకి రివ్యూ రాశాను. 'లైట్లు తక్కువ, నక్షత్రాలు ఎక్కువ. ఐదుకి ఐదు.'

మీరు అరకు వెళ్ళినా, లంబసింగి వెళ్ళినా, వంజంగి మేఘాలు చూడటానికి వెళ్ళినా చేయగలిగినవి ఇవే. పడుకునే ముందు గది బయటి లైటు ఆపండి. ఆపమని ఓనర్‌ని అడగండి, ఆపినందుకు స్టార్లు ఇవ్వండి. గోడ మీద పెద్ద మాత్ కనిపిస్తే ఒక ఫొటో తీసుకుని లైటు ఆర్పేయండి, అదే పోతుంది. కుట్టదు, కరవదు, కరవడానికి నోరే లేదు. పట్టుకోవద్దు, సీసాలో పెట్టొద్దు. ఫొటోని ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లో తేదీ, చోటుతో సహా పెడితే శాస్త్రవేత్తలకి పనికొస్తుంది. ఏటా జులై ఆఖర్లో ప్రపంచమంతటా మాత్ వీక్ జరుగుతుంది. మన వానాకాలం కూడా అప్పుడే.

పొద్దున బయల్దేరే ముందు అమ్మ నన్ను జామచెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. మాట్లాడకుండా ఒక కొమ్మ వంచి చూపించింది. ఎండిన రెండు ఆకుల మధ్య, గోధుమ రంగులో, బొటనవేలి కంటే కాస్త పెద్ద పట్టుగూడు. ముప్ఫై నాలుగు గుడ్లలో మాకు కనిపించింది అదొక్కటే.

"ఎప్పుడొస్తదమ్మా?" అన్నాను.

"దానికి తెలుసు బాబూ, మనకెందుకు?" అంది.

ఫోన్ బయటికి తీశాను. ఒక్క ఫొటో తీసి, మళ్ళీ జేబులో పెట్టేశాను.